సునుసునియా కూర తింటే నిద్ర పట్టేస్తుందా?

గత రెండు నెలలుగా ఈ శీర్షికకు వస్తున్న ఉత్తరాల్లో నిద్ర గురించి అడిగినవే ఎక్కువ. రాయగడ, పర్లాకిమిడి, జయపురం, బరంపురం, గుణుపురం నుంచి వచ్చిన కొన్నింటిని ఎంచి ఈసారి ఒకచోట చేర్చాము. ఒడిశా సరిహద్దు జిల్లాల్లోని మన తెలుగు ఇళ్లలో నిద్ర పట్టనివారికి సలహాలు రెండు వైపుల నుంచీ వస్తాయి. పొరుగింటి ఒడియా వారు ఒక శాగ, అంటే ఆకుకూర, తినమంటారు, శ్రీకాకుళం నుంచి వచ్చిన మేనత్త ఒక వేరు అరగదీసి ఇస్తుంది. ఈ ఆకులూ వేర్లూ మెదడులో ఏం చేస్తాయన్నదే అందరి సందేహం. రాసినవారి కోరిక మేరకు పేర్లు ఇవ్వడం లేదు.

ప్రశ్న: నా వయసు 38. రాయగడ దగ్గర ఒక కర్మాగారంలో పని. వారం విడిచి వారం రాత్రి షిఫ్టు ఉంటుంది, పది నుంచి ఆరు వరకు. నిద్ర ఆపుకోవడానికి గంటన్నరకొకటి చొప్పున ఐదు గ్లాసుల టీ తాగుతాను. ఆఖరి గ్లాసు తెల్లవారుజామున నాలుగున్నరకు. ఏడు గంటలకు ఇంటికొచ్చి పడుకుంటే వెంటనే కన్ను అంటుకుంటుంది గానీ పదిన్నరకల్లా మెలకువ వచ్చేస్తుంది, ఇక పట్టదు. నిద్ర సుఖమెరుగదంటారు. నాకు పరుపు, ఫ్యాను, తలుపు వేసిన గది, అన్ని సుఖాలూ ఉన్నాయి, నిద్రే లేదు. ఇది టీ వల్లనేనా?
– ఒక పాఠకుడు, రాయగడ

జవాబు: సగం టీ వల్ల, సగం ఎండ వల్ల.

మెదడు పనిచేస్తున్నంతసేపూ ఏటీపీ అనే ఇంధనం ఖర్చవుతూ ఉంటుంది. అది విరిగినప్పుడు మిగిలేవాటిలో అడెనోసిన్ అనే చిన్న అణువు ఒకటి. మనం మేలుకుని ఉన్న ప్రతి గంటా ఇది మెదడులోని కొన్ని భాగాల్లో కొద్దికొద్దిగా పోగవుతుంది. పిల్లులను ఎక్కువసేపు మేలుకొలిపి ఉంచితే మెదడు ముందుభాగపు అడుగున అడెనోసిన్ పెరగడం, అవి నిద్రపోయాక తగ్గడం 1997లో కొలిచి చూశారు. మెలకువను నిలిపే నాడీకణాల మీద అడెనోసిన్ కూర్చోవడానికి పీటల్లాంటి గ్రాహకాలు ఉంటాయి. అది వాటి మీద కూర్చున్నకొద్దీ ఆ కణాలు మందగిస్తాయి, మనకు రెప్పలు బరువెక్కుతాయి.

టీలోనూ కాఫీలోనూ ఉండే కెఫీన్ ఆకారంలో అడెనోసిన్‌కు దగ్గరి పోలిక. అది వచ్చి అదే పీట మీద కూర్చుంటుంది గానీ అడెనోసిన్ చేసే పని చేయదు, దానికి చోటు మాత్రం ఇవ్వదు. అంటే టీ మీ అలసటను తీర్చడం లేదు, ఆ అలసట కబురు మెదడుకు అందకుండా ఆపుతోంది, అంతే. వెనుక అడెనోసిన్ పోగవుతూనే ఉంటుంది. జర్మన్ రసాయన శాస్త్రవేత్త రూంగే 1819లో కాఫీ గింజల నుంచి కెఫీన్‌ను మొదటిసారి వేరుచేశాడు. ఆ గింజలను ఆయన చేతికిచ్చి పరీక్షించమన్నది కవి గోథే. మీకు దగ్గరలోని కొరాపుట్ కొండల మీద పెరిగే కాఫీ మొక్క కెఫీన్‌ను మన కోసం తయారుచేసుకోదు. ఆకు తినవచ్చే పురుగులను తరమడానికీ, రాలిన ఆకులు కుళ్లి చుట్టూ వేరే విత్తనం మొలవకుండా చూడడానికీ అది దానికి ఆయుధం. మన మెదడు మీద దాని ప్రభావం కాకతాళీయం.

ఇప్పుడు మీ లెక్క చూద్దాం. పాలు పోసిన ఒక గ్లాసు టీలో సుమారు 30 నుంచి 50 మిల్లీగ్రాముల కెఫీన్ ఉంటుంది, 40 అనుకుందాం. పెద్దవారి ఒంట్లో కెఫీన్ సగానికి తగ్గడానికి సగటున ఐదు గంటలు పడుతుంది. ఆ లెక్కన మీరు పదిన్నరకు తాగిన గ్లాసులో ఉదయం ఏడింటికి 12 మిల్లీగ్రాములు మిగిలి ఉంటే, నాలుగున్నరకు తాగినదానిలో 28 మిగిలి ఉంటాయి. ఐదు గ్లాసులవీ కూడితే దాదాపు 100. అంటే మీరు దుప్పటి కప్పుకునే వేళకు అప్పుడే రెండున్నర గ్లాసుల టీ తాగి పడుకున్నట్టే. రాత్రంతా పోగైన అడెనోసిన్ చాలా ఎక్కువ కాబట్టి కెఫీన్ అడ్డున్నా కన్ను అంటుకుంటుంది. మూడు గంటల గాఢనిద్రలో ఆ ఒత్తిడి చాలావరకు తీరిపోయాక మిగిలిన కెఫీన్‌దే పైచేయి అవుతుంది. అందుకే పదిన్నరకు లేస్తున్నారు.

రెండో సగం ఎండ. కంటి వెనుక పొరలో చూపుతో పెద్దగా సంబంధం లేని కొన్ని కణాలున్నాయి. వాటిలోని మెలనాప్సిన్ అనే వర్ణకం నీలి వెలుగుకు బాగా స్పందిస్తుంది. 'తెల్లవారింది' అనే కబురు అక్కడి నుంచి మెదడు అడుగున ఉండే హైపోథాలమస్‌లోని గడియారానికి, దాని నుంచి మెదడు నడుమ ఉండే పీనియల్ గ్రంథికి చేరి, అక్కడ మెలటోనిన్ అనే రాత్రి హార్మోను తయారీ ఆగిపోతుంది. మెలటోనిన్‌ను 1958లో ఏరన్ లెర్నర్ అనే చర్మవైద్యుడు ఆవుల పీనియల్ గ్రంథుల నుంచి వేరుచేశాడు. చాలామంది దాన్ని నిద్రమాత్ర అనుకుంటారు గానీ అది చేసే పని ఊళ్లో చీకటి పడిందని దండోరా వేయడం వరకే. షిఫ్టు దిగి ముఖం మీద ఎండ పడుతూ ఇంటికి రావడమంటే ఆ దండోరాను మీరే ఆపించడం.

మొదటి రెండు గ్లాసులు ఉంచుకోండి, ఒంటిగంట తరువాతవి మానండి. నాలుగు గంటలకు తూలుతున్నట్టుంటే, పై అధికారి ఒప్పుకుంటే, పదిహేను ఇరవై నిమిషాల కునుకు టీ కన్నా మేలు చేస్తుంది. ఇంటికి బస్సులోనో మరొకరి బండి వెనుకో వచ్చేటట్లయితే నల్లద్దాలు పెట్టుకోండి. స్వయంగా బండి నడిపేటట్లయితే మాత్రం వద్దు, నిద్రమత్తులో రోడ్డు మీద వెలుగు మీకు అవసరం. పడుకునే గది కిటికీకి ముదురు రంగు దుప్పటి కట్టండి.

ప్రశ్న: మావారికి 62 ఏళ్లు. పదవీ విరమణ చేసినప్పటి నుంచి రాత్రి రెండింటి దాకా దొర్లుతూనే ఉంటారు. పక్కింటి ఒడియా పెద్దావిడ సునుసునియా శాగ వండి పెట్టమంది. సాయంత్రం సంతలో కట్ట కొని, వెల్లుల్లి, ఎండుమిరప వేసి వేయించి పెడుతున్నాను. నాలుగు రోజులు బాగానే నిద్రపోయారు, ఐదో రోజు మళ్లీ మామూలే. ఆ ఆకులో నిజంగా మందు ఉందా? రోజూ తినవచ్చా?
– ఒక గృహిణి, పర్లాకిమిడి

జవాబు: అమ్మా, మీ ఉత్తరం చదివి చాలా సంతోషించాను. ఎందుకంటే ఈ ఆకు సంగతి తెలుగు పత్రికల్లో దాదాపు ఎవరూ రాయరు, సరిహద్దు దాటి దక్షిణానికి వెళితే దీన్ని కూరగా గుర్తుపట్టేవారూ తక్కువే. చెరువుగట్ల మీదా, నీళ్లు నిలిచిన వరిమళ్లలోనూ పాకే ఈ మొక్క పైకి పులిచింతాకులా ఉంటుంది. తేడా ఏమిటంటే పులిచింతకు కాడకు మూడు రెబ్బలు, దీనికి నాలుగు. ఇది పువ్వు పూయదు, కాయ కాయదు, ఎందుకంటే ఇది నీటిలో పెరిగే ఒక రకం ఫెర్న్. శాస్త్రీయంగా మార్సిలియా జాతిది. సంస్కృతంలో దీన్ని సునిషణ్ణకం అన్నారు. బెంగాలీలు సుష్ని శాక్ అంటారు, వారికీ ఇది నిద్రకూరే.

కట్ట విప్పి నాలుగు కాడలు నీళ్లగ్లాసులో పెట్టి సాయంత్రం చూడండి. చీకటి పడేసరికి నాలుగు రెబ్బలూ పైకి లేచి ఒకదానికొకటి అంటుకుని ముడుచుకుంటాయి. 1880లో చార్లెస్ డార్విన్ నిద్రపోయే మొక్కల గురించి రాసినప్పుడు, పువ్వులు పూయని మొక్కల్లో ఇలా రాత్రి ముడుచుకునేది ఈ జాతి ఒక్కటే తనకు తెలుసునన్నాడు. తాను నిద్రపోయే ఆకు తిన్నవారిని కూడా నిద్రపుచ్చుతుందని మన పూర్వులకు తోచి ఉండవచ్చునని నా ఊహ. అయితే ఆకు ముడుచుకోవడం దాని కీలు దగ్గరి కణాల్లోకి నీరు, పొటాషియం వచ్చిపోవడం వల్ల జరిగే పని. దానికీ మన నిద్రకూ సంబంధం లేదు.

ఇక మందు సంగతి. ఈ జాతి మొక్కల నుంచి మార్సిలిన్ అనే పదార్థాన్ని వేరుచేసి, జంతువుల మీద మత్తునూ మూర్ఛలను అణచే గుణాన్నీ గమనించినవారున్నారు. ఎలుకకు సూదితో ఇచ్చిన సారానికీ, మీరు మూకుడులో వేయించిన గుప్పెడు ఆకుకూ చాలా దూరముంది. మొక్క పదార్థం నిద్ర తేవాలంటే మూడు గడపలు దాటాలి. కడుపులో అరిగిపోకుండా రక్తంలోకి చేరాలి, కాలేయం దాన్ని విరిచేయకుండా వదలాలి, రక్తానికీ మెదడుకూ మధ్య ఉన్న గట్టి వడపోత దాన్ని లోపలికి రానివ్వాలి. లోపలికి వచ్చాక కూడా అది పట్టుకోవడానికి మెదడులో ముందే ఒక పిడి ఉండాలి.

ఆ పిడి చాలాసార్లు గాబా అనే అణువుది. మెదడులో గాబా ఉన్నట్టు 1950లో తెలిసింది. నాడీకణాలను 'చాలు, ఆగు' అని నెమ్మదింపజేసే ప్రధాన అణువు ఇదే. దీనికి నిద్రతో ఉన్న బంధానికి వెనుక ఒక విషాదం ఉంది. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో వ్యాపించిన ఒక మెదడువాపు జబ్బులో కొందరు రోగులు అదేపనిగా నిద్రపోయారు, కొందరు నిద్రే లేక చనిపోయారు. వియన్నాలో వాన్ ఎకనమో అనే వైద్యుడు ఆ మెదళ్లను కోసి చూసి, నిద్ర పట్టనివారిలో హైపోథాలమస్ ముందుభాగం దెబ్బతిన్నదని గుర్తించాడు. అక్కడున్న కణాలు గాబాను విడుదల చేసి మెలకువ కేంద్రాలను ఆర్పివేస్తాయని చాలాకాలం తరువాత తేలింది. డాక్టర్లు రాసే నిద్రమాత్రల్లో చాలా రకాలు గాబా గ్రాహకానికి ఊతమిచ్చేవే. హిమాలయాల్లో పెరిగే తగరకు దగ్గరి చుట్టమైన ఐరోపా వలేరియన్ వేరులోని వలెరెనిక్ ఆమ్లం కూడా ఆ గ్రాహకం మీదే పనిచేస్తుంది. సునుసునియా ఆకులోనిది మనుషుల్లో అక్కడిదాకా చేరుతుందని చెప్పగల పరీక్ష ఏదీ నా కంటపడలేదు.

మరి ఆ నాలుగు రోజులు ఎలా నిద్రపోయారు? సాయంత్రం ఏడింటికే వేడివేడిగా కూర వడ్డించి, పక్కన కూర్చుని, 'ఇది తింటే నిద్ర పడుతుందట' అని మీరు చెప్పారు. నిద్ర పట్టదేమోనన్న భయం ఆ నాలుగు రోజులూ తగ్గి ఉంటుంది. దీన్ని నేను తేలిగ్గా తీసిపారేయడం లేదు, భయం కూడా మెదడులో అణువుల రూపంలోనే ఉంటుంది. వారానికి రెండు మూడుసార్లు కూరగా తినవచ్చు. పచ్చిగా మాత్రం వద్దు, బాగా ఉడకాలి. ఈ జాతికే చెందిన నార్డూ అనే మొక్కలో బీ1 విటమిన్‌ను నాశనం చేసే ఎంజైమ్ ఉంది. 1861లో ఆస్ట్రేలియా నడిమధ్యలో చిక్కుకున్న బర్క్, విల్స్ అనే అన్వేషకులు దాన్ని సరైన పద్ధతిలో వండుకోక, తింటూనే నీరసించి చనిపోయారని చాలామంది భావిస్తారు. మురికికాలువ పక్కన కోసిన కట్ట కొనకండి.

మీవారు మధ్యాహ్నం భోజనం చేశాక ఎంతసేపు పడుకుంటున్నారో మీరు రాయలేదు. పదవీ విరమణ తరువాత రెండింటి దాకా దొర్లేవారిలో చాలామంది మధ్యాహ్నం రెండు గంటలు హాయిగా నిద్రపోయేవారే. రాత్రికి దాచుకోవలసిన అడెనోసిన్ అక్కడే ఖర్చయిపోతుంది.

ప్రశ్న: మా వీధిలో నిద్రగన్నేరు చెట్టు ఉంది. దాని ఆకు దిండు కింద పెట్టుకుంటే నిద్ర వస్తుందంటున్నారు, నిజమేనా?
– పదో తరగతి విద్యార్థిని, బరంపురం

జవాబు: నిజం కాదు. రాత్రి ఆకులు ముడుచుకునే ఆ నిద్ర చెట్టుది, పేరు పెట్టినవారిది కవి హృదయం. పరీక్షల ముందు దిండు కింద ఆకు పెట్టినా ఫరవాలేదు గానీ ఫోను పెట్టుకోవద్దు.

ప్రశ్న: మా బాబాయికి రక్తపోటు ఉంది, డాక్టరు రాసిన మాత్ర రోజూ వేసుకుంటారు. ఈ మధ్య నిద్ర కోసం ఒకాయన దగ్గర పాతాళగరుడ వేరు పొడి తెచ్చుకుని రాత్రి పాలలో అర చెంచా కలుపుకుంటున్నారు. నిద్ర బాగా పడుతోంది. కానీ పగలంతా మబ్బుగా, ముక్కు మూసుకుపోయినట్టు ఉంటున్నారు, ఎవరితోనూ మాట్లాడడం లేదు. మూలిక కాబట్టి హాని లేదంటారు.
– ఒక పాఠకుడు, జయపురం

జవాబు: ఈ ఉత్తరం చదవగానే ఆ పొడి పొట్లం, మాత్రల చీటీ రెండూ పట్టుకుని బాబాయిని డాక్టరు దగ్గరకు తీసుకువెళ్లండి. బీపీ, నాడి చూపించండి. మిగతా వివరణ వచ్చాక చదువుకోవచ్చు.

ముందు పేరు సంగతి. ఒడియాలో పాతాళగరుడ అంటే సర్పగంధ. మన తెలుగు, సంస్కృత వైద్య పుస్తకాల్లో అదే పేరు కొన్నిచోట్ల దూసరతీగకు ఉంది. రెండు భాషలు కలిసే మన ప్రాంతంలో ఒకే పేరుతో రెండు మొక్కలు చేతులు మారుతుంటాయి. మీరు రాసిన లక్షణాలను బట్టి ఇది సర్పగంధే కావచ్చు.

సర్పగంధ ఉత్తుత్తి మూలిక కాదు, మన దేశం నుంచి ప్రపంచ వైద్యానికి వెళ్లిన బలమైన మందుల్లో ఒకటి. 1931లో కలకత్తాలో సేన్, బోస్ అనే ఇద్దరు వైద్యులు పిచ్చికీ రక్తపోటుకూ ఇది పనిచేస్తుందని ప్రకటించారు. 1949లో బొంబాయి వైద్యుడు రుస్తుం జల్ వకీల్ రక్తపోటు రోగుల మీద దీని ఫలితాలను బ్రిటిష్ పత్రికలో ప్రచురించాక లోకం దృష్టి దీని మీద పడింది. 1952లో స్విట్జర్లాండులో దీని నుంచి రిసర్పిన్ అనే పదార్థాన్ని వేరుచేశారు.

రిసర్పిన్ పనిచేసే తీరు నిద్రమాత్రలది కాదు. నార్‌ఎడ్రినలిన్, సెరటోనిన్, డోపమైన్ అనే అణువులు నాడీకణాల చివర చిన్నచిన్న సంచుల్లో నిలువ ఉంటాయి. రిసర్పిన్ ఆ సంచుల మూతిని బిగించేస్తుంది. సంచిలోకి వెళ్లలేని అణువులు బయటే విరిగిపోతాయి, గాదెలు ఖాళీ అవుతాయి. మెలకువకూ ఉత్సాహానికీ కావలసిన సరుకే లేకపోతే మనిషి మందగిస్తాడు, దాన్ని మనం నిద్ర అనుకుంటాం. ముక్కు మూసుకుపోవడం, నాడి నెమ్మదించడం, బీపీ పడిపోవడం, దిగులు అన్నీ ఆ ఖాళీ గాదెల ఫలితాలే. 1950లలో రిసర్పిన్ వాడిన కొందరిలో దిగులు కనిపించడమే, దిగులు జబ్బుకు మెదడు అణువుల కొరత కారణమేమోనన్న ఆలోచనకు ఒక మూలం. మీ బాబాయి మాట్లాడకపోవడాన్ని వయసు అనుకోకండి. పొడి ఆపిన మర్నాడే అంతా మామూలైపోదు, గాదెలు నిండడానికి రోజులూ వారాలూ పడుతుంది.

రిసర్పిన్‌ను రక్తపోటుకు మాత్రగా ఇచ్చినప్పుడు సాధారణంగా రోజుకు పావు మిల్లీగ్రాము మించకుండా ఇచ్చేవారు. అర చెంచా పొడిలో ఎంత ఉందో ఆ అమ్మినాయనకు కూడా తెలియదు, ఎందుకంటే అది మొక్క వయసును బట్టీ, నేలను బట్టీ మారుతుంది. బీపీ మాత్ర మీద ఇది మరొక బీపీ మందు. పైగా అడవిలో వేర్లు తవ్వితవ్వి ఈ మొక్క అరుదైపోయింది, దీని అంతర్జాతీయ వ్యాపారం మీద నియంత్రణ ఉంది.

ప్రశ్న: పడుకునే ముందు పాలలో గసగసాలు నూరి తాగడం మా ఇంటి అలవాటు. అందులో నల్లమందు ఉంటుందని మా అబ్బాయి ఆపించాడు. అశ్వగంధ మాత్రలు మంచివంటున్నాడు. ఏది మేలు?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, బరంపురం

జవాబు: గసగసాల మొక్కా నల్లమందు మొక్కా ఒకటేనన్నది నిజం. అయితే మార్ఫిన్ ఉండేది కాయ గాటులో కారే పాలలో. గింజకు అంటుకునేది స్వల్పం, కడిగి వేయిస్తే అదీ తగ్గుతుంది. చెంచాడు గసగసాలు మిమ్మల్ని నిద్రపుచ్చవు, పాడుచేయవు. గ్లాసు పాలలోని ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం నుంచి మెదడు సెరటోనిన్‌నూ, దాని నుంచి మెలటోనిన్‌నూ చేసుకుంటుందన్నదీ నిజమే గానీ, గ్లాసులో ఉండేది 100 మిల్లీగ్రాముల ప్రాంతం, అదీ మిగతా అమైనో ఆమ్లాలతో పోటీపడి మెదడులోకి వెళ్లాలి. అలవాటు సుఖం కోసం తాగండి. దుబాయిలో ఉన్న బంధువులకు మాత్రం గసగసాల పొట్లం పంపకండి, అక్కడ అది నిషిద్ధం, జైలు పాలు కావచ్చు.

అశ్వగంధ అంటే మన పెన్నేరు. దాని లాటిన్ పేరులోనే 'నిద్ర తెచ్చేది' అన్న మాట ఉంది. జపాన్‌లోని సుకుబా విశ్వవిద్యాలయంలో 2017లో దీని ఆకులోని ట్రైఇథిలీన్ గ్లైకాల్ అనే పదార్థం ఎలుకలకు నిద్ర తెచ్చిందని చూపారు. మన దుకాణాల్లో దొరికేది ఆకు కాదు, వేరు పొడీ వేరు సారమూ. వేరు సారంతో మనుషుల మీద జరిగిన చిన్న పరీక్షల్లో కొంత మేలు కనిపించింది, అంతకు మించి పొగడలేను. థైరాయిడ్ మాత్రలు వాడేవారు, కాలేయం జబ్బున్నవారు, గర్భిణులు వాడకూడదు. మీకు అవేవీ లేకపోతే డాక్టరుకు చెప్పి కొన్ని వారాలు చూడవచ్చు. మీ ఇద్దరి వాదంలో నా ఓటు పాలకే.

ప్రశ్న: జీలుగు కల్లు రెండు లోటాలు తాగితే మంచి నిద్ర పడుతుంది. చెట్టు నుంచి దిగిందే కదా, మాత్రల కంటే నయం కాదా?
– ఒక పాఠకుడు, గుణుపురం దగ్గరి గ్రామం

జవాబు: కాదు. పులిసిన కల్లులోని ఆల్కహాలు కూడా గాబా పిడినే పట్టుకుంటుంది, అందుకే తొందరగా నిద్ర పడుతుంది. నడిరాత్రికి అది ఒంట్లో కరిగిపోయాక అణగదొక్కిన మెలకువ రెట్టింపుగా లేస్తుంది. రెండు మూడు గంటలకు చెమటతో మెలకువ రావడం మీకు అనుభవమే అయి ఉంటుంది. గొంతు కండరాలు వదులై గురక పెరుగుతుంది. కల్లు మీద నిద్రమాత్ర వేసుకుంటే ఊపిరి ఆగిపోయే ప్రమాదం ఉంది.

ప్రశ్న: నాకు 45 ఏళ్లు. టీ కాఫీలు తాగను. రోజుకు ఏడెనిమిది సార్లు గుడాకు వేసుకుంటాను, పడుకునే ముందు ఒకసారి తప్పనిసరి, లేకపోతే నిద్ర రాదు. అయినా తెల్లవారుజామున మూడింటికే మెలకువ వస్తుంది. లేచి మళ్లీ వేసుకుంటే గానీ ఊరుకోలేను. ఏ ఆకు తినమంటారు?
– ఒక పాఠకురాలు, గుణుపురం

జవాబు: మీరు ఇప్పటికే ఒక ఆకు తింటున్నారమ్మా, అది పొగాకు. గుడాకు అంటే పొగాకు పొడిని బెల్లపు మడ్డితో కలిపిన ముద్ద. పళ్లకు రాసుకున్న కాసేపటికే చిగుళ్ల నుంచి నికోటిన్ రక్తంలోకి చేరుతుంది. మెదడును మేలుకొలిపే అణువుల్లో అసిటైల్‌కోలిన్ ఒకటి. దాని గ్రాహకాన్ని నికోటిన్ అచ్చం దానిలాగే తట్టి లేపుతుంది. కెఫీన్ పీట మీద ఊరికే కూర్చుంటుందని పైన రాశాను, ఇది కూర్చుని పని కూడా చేస్తుంది. ఒంట్లో రెండు గంటలకు సగమవుతుంది. పదింటికి వేసుకున్నది మూడింటికి ఐదో వంతు కన్నా తక్కువకు పడిపోతుంది, అలవాటుపడిన మెదడు అప్పుడు గోల పెడుతుంది. పడుకునే ముందు వేసుకుంటే హాయిగా అనిపించడం నిద్ర రావడం కాదు, ఆ గోల కాసేపు ఆగడం.

నిద్ర కోసం మరో ఆకు వేయకండి. మొదట మూడింటికి వేసుకునేది ఆపండి, డబ్బా వేరే గదిలో, వీలైతే పక్కింట్లో పెట్టించండి. వారం తరువాత రాత్రి భోజనం అయ్యాక వేసుకునేది మానండి. ఆ తరువాత పగటివి ఒక్కొక్కటిగా తగ్గించండి. మొదటి రెండు వారాలు నిద్ర ఇంకా పాడవుతుంది, చిరాకుగా ఉంటుంది, ఇంట్లోవారికి ముందే చెప్పి ఉంచండి. నోట్లో తెల్లమచ్చ గానీ మానని పుండు గానీ ఉంటే నిద్ర సంగతి తరువాత, ముందు దంతవైద్యులకు చూపించి, ఏమన్నారో మాకు మళ్లీ రాయండి.